సర్టిఫికెట్లు సరే, ఇంటర్నెట్ ఎందుకు రావట్లేదు?

ఐటీ సపోర్ట్‌లో తొలి ఉద్యోగం గురించి కోనసీమ నుంచీ తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే ప్రశ్న చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాం. ఎవరి పేర్లూ వేయడం లేదు.

బీఎస్సీ కంప్యూటర్స్ 2024లో పూర్తయింది. హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో ఆరు సర్టిఫికెట్లు చేశాను. నౌకరీలో, లింక్డ్‌ఇన్‌లో రోజూ అప్లై చేస్తున్నానండి. ఒక్క కాల్ కూడా రాలేదు. ఇంకేం కోర్సు చెయ్యమంటారు?
— పాఠకుడు, అమలాపురం

ఇంకేమీ వద్దు. మీకు లోటు కోర్సుల్లో లేదు, రెజ్యూమెలో ఉంది.

మొదటి మెట్టు సపోర్ట్ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో ముందు చూడండి. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు కొత్తది ఇవ్వడం, లాక్ అయిన అకౌంట్ తెరవడం, అవుట్‌లుక్ తెరుచుకోకపోతే చూడటం, బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చేందుకు వీపీఎన్ కనెక్ట్ చేయించడం, ప్రింటర్‌ను దారిలో పెట్టడం, కొత్త ఉద్యోగికి ల్యాప్‌టాప్ సిద్ధం చేయడం, చేసినదంతా టికెట్‌లో (ఒక్కో ఫిర్యాదుకు తెరిచే నమోదులో) రాయడం. క్లౌడ్ ఆర్కిటెక్చర్ ఇందులో ఎక్కడా లేదు. అలాంటి ఉద్యోగానికి ఆరు సర్టిఫికెట్ల జాబితా పంపితే, ఇతను ఒక్క మెషిన్ అయినా విప్పాడా లేదా అన్నది చూసేవాళ్లకు తెలియదు.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. పైన ఉండే 'కెరీర్ ఆబ్జెక్టివ్' పేరా తీసేయండి, దాన్ని ఎవరూ చదవరు. 'ఆపరేటింగ్ సిస్టమ్స్‌పై మంచి అవగాహన' వంటి మాటలూ తీసేయండి. ఆ స్థానంలో చేసిన పని రాయండి. ఉదాహరణకు: 'విండోస్ 10 మెషిన్‌ను 11కు మార్చాను. బయోస్‌లో టీపీఎం ఆఫ్‌లో ఉండి మొదట ఒప్పుకోలేదు. డేటా బ్యాకప్ తీసి, టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేశాక పూర్తయింది.' (టీపీఎం అంటే విండోస్ 11 కోరే భద్రతా చిప్.) ఈ నాలుగు ముక్కల్లో సమస్య, కారణం, చేసిన పని, ఫలితం అన్నీ ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ ఊళ్లోనే ట్యూషన్ సెంటర్‌లో, మెడికల్ షాపులో, ఆడిటర్ ఆఫీసులో ఈ పని దొరుకుతుంది. ఉచితంగానైనా నాలుగైదు మెషిన్లు చేసి పెట్టండి. ఒక్కటే జాగ్రత్త: బ్యాకప్ తీయకుండా ఎవరి మెషిన్ మీదా చెయ్యి వేయొద్దు. ఆడిటర్ గారి ట్యాలీ డేటా పోతే ఊళ్లో మీకు పుట్టగతులుండవు.

పోర్టల్‌లో వెతికే పేరు కూడా సరిచూసుకోండి. 'ఐటీ జాబ్స్ ఫ్రెషర్' అని కొడితే కోడింగ్ ఉద్యోగాలే వస్తాయి. 'డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజినీర్', 'సర్వీస్ డెస్క్ అనలిస్ట్', 'ఎల్1 సపోర్ట్', 'టెక్నికల్ సపోర్ట్ అసోసియేట్', 'ఫీల్డ్ ఇంజినీర్', 'రెసిడెంట్ ఇంజినీర్' అని విడివిడిగా వెతకండి. ప్రొఫైల్‌లో ఇష్టమైన ఊరు అన్నచోట అమలాపురం ఒక్కటే పెట్టి ఉంటే హైదరాబాద్ రిక్రూటర్ వెతుకులాటలో మీరు కనపడరు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ కూడా చేర్చండి. రెజ్యూమెను ఫొటోగా స్కాన్ చేసి పెట్టకండి. అక్షరాలు కాపీ అయ్యే పీడీఎఫ్ అయితేనే పోర్టల్ దాన్ని చదవగలదు.

తాడేపల్లిగూడెం దగ్గర రైస్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. లారీ కాటా బిల్లులు, ట్యాలీ, ప్రింటర్లు, సీసీ కెమెరాలు అన్నీ నేనే చూసుకుంటాను. దీన్ని ఐటీ అనుభవం అంటారా? ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నామోషీగా ఉంది.
— పాఠకుడు, తాడేపల్లిగూడెం

నామోషీ దేనికండీ? ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఉద్యోగానికి దగ్గరగా ఉన్నది మీరే. మీరు చేసే పనినే సపోర్ట్ వాళ్ల భాషలో చెప్పడం నేర్చుకోవాలి, అంతే.

కాటా సంగతే తీసుకోండి. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ వస్తుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు కనుక మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని పీకి పక్క యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చుతారు. విండోస్ దానికి కొత్త నంబర్ ఇస్తుంది, కామ్ 3 కాస్తా కామ్ 5 అవుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా కామ్ 3 వైపే చూస్తుంటుంది. లారీ కాటా మీద నిలబడి ఉంటుంది, తెర మీద బరువు రాదు, వెనక లారీల వరస పెరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పాత నంబర్ తిరిగి ఇస్తే బరువు వస్తుంది. బరువుకు బదులు పిచ్చి అక్షరాలు వస్తుంటే పోర్టు సరైనదే, వేగం తేడా: ఇండికేటర్ 2400లో పంపుతుంటే సాఫ్ట్‌వేర్ 9600లో వింటోందన్నమాట. ఈ రెండింటి తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవారు మీవైపు ముందుకు వంగి వింటారు.

ట్యాలీ కూడా అంతే. డేటా ఒక మెషిన్‌లో ఉండి మిగతావాళ్లు నెట్‌వర్క్ మీద దాన్ని తెరుస్తుంటే, కరెంటు పోయి వచ్చాక ఆ మెషిన్ ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) మారి మిగతావాళ్లకు కంపెనీ కనపడకపోవడం మామూలే. ఆ మెషిన్‌కు స్థిరమైన ఐపీ ఇవ్వడమో, రౌటర్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీలో రిజర్వేషన్ పెట్టడమో చేస్తే సమస్య మళ్లీ రాదు. కెమెరా ఒకటి ఉన్నట్టుండి పోయి, కాసేపటికి అదే వచ్చి, మళ్లీ పోతుంటే రెండు పరికరాలకు ఒకే ఐపీ పడిందేమో చూడాలి. ఇవన్నీ మీరు చేస్తూనే ఉండి ఉంటారు, పేర్లు తెలియకపోవచ్చు.

మిల్లు నుంచి బయటపడే లోపు మూడు పనులు చేయండి. ఒకటి, ఒక రిజిస్టర్ పెట్టండి: తేదీ, ఏమైంది, కారణం, ఏం చేశారు, ఎంతసేపు పట్టింది. రెండు నెలలకు ముప్పై నలభై ఎంట్రీలు వస్తాయి. అవే మీ టికెట్లు. రెండు, జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకు వేయమనండి. ఇరవై మంది కంటే తక్కువ ఉన్న చోట పీఎఫ్ ఉండకపోవచ్చు, అప్పుడు అనుభవానికి రుజువు బ్యాంకు స్టేట్‌మెంటే. మూడు, లెటర్‌హెడ్ మీద యజమాని సంతకంతో అనుభవ పత్రం తీసుకోండి, అందులో చేరిన తేదీ, హోదా, చేసే పనులు ఉండాలి. హోదా కంప్యూటర్ ఆపరేటర్ అనే ఉండనివ్వండి. 'సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్' అని రాయించుకుంటే వెరిఫికేషన్‌లో మిల్లుకు ఫోన్ వచ్చినప్పుడు గుమాస్తా గారు నిజం చెప్పేస్తారు.

రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ ఉప్పు తేమకు ర్యామ్ కాంటాక్టులు నల్లబడి మెషిన్ బీప్ కొడుతూ ఆన్ కాదు. పవర్ తీసి, ర్యామ్ బయటికి తీసి, కాంటాక్టులను రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టడం అందరికీ తెలిసిన వైద్యమే. ఎర్తింగ్ కూడా చూడండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులు దాటుతోందంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే, సిస్టమ్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు.

ఇంటర్వ్యూలో 'యూజర్ ఫోన్ చేసి ఇంటర్నెట్ రావట్లేదు అన్నాడు, ఏం చేస్తారు?' అని అడిగారు. 'రీస్టార్ట్ చేయమంటాను' అన్నాను. తర్వాత వాళ్లు ఏమీ అడగలేదు. అది తప్పు జవాబా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

రీస్టార్ట్ తప్పేం కాదు, మొదటే చెప్పడం తప్పు. రీస్టార్ట్ చేశాక సమస్య పోతే కారణం దొరకదు, రేపు మళ్లీ వస్తుంది. ఆ ప్రశ్నతో వాళ్లు మీ జ్ఞానం కంటే ముందు మీ వరస చూస్తారు.

మొదట అడగాలి: మీ ఒక్కరికేనా, పక్కవాళ్లకూ రావట్లేదా? ఒక్క సైటా, అన్నీనా? ఎప్పటినుంచి? కేబులా, వైఫైనా? పక్కవాళ్లకూ రాకపోతే యూజర్ మెషిన్ జోలికే వెళ్లక్కర్లేదు, అది స్విచ్చో, లైనో. ఒక్కరికే అయితే కేబుల్ గట్టిగా ఉందా, పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా, వైఫై అయితే ఏరోప్లేన్ మోడ్ పడిందా అని చూడమనాలి.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్‌ఫిగ్ ఆల్ (ipconfig /all) కొట్టాలి. ఐపీ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి చిరునామా అందలేదు, మెషిన్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. రిలీజ్, రెన్యూ ఇచ్చి చూడాలి. చిరునామా సరిగ్గా ఉంటే ముందు గేట్‌వేను (బయటికి దారి ఇచ్చే రౌటర్‌ను) పింగ్ చేయాలి, అంటే పిలిచి జవాబు వస్తోందో చూడాలి, తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8ను, ఆ తర్వాత ఏదైనా సైటు పేరును. 8.8.8.8 పలికి, పేరు పలకకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుకు ఐపీ చిరునామా చెప్పే వ్యవస్థలో) ఉంది. ఎన్‌ఎస్‌లుకప్‌తో నిర్ధారించుకుని, డీఎన్‌ఎస్ క్యాష్ ఖాళీ చేసి, డీఎన్‌ఎస్ చిరునామా ఎవరైనా మార్చారేమో చూడాలి. ఇక్కడ ఒక మాట కలపండి: 'కొన్ని ఆఫీసుల్లో ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేస్తుంది, పింగ్ పలకనంత మాత్రాన లైన్ లేదని తేల్చను.' పుస్తకం బట్టీ పట్టినవాళ్లు ఈ మాట అనరు.

పింగ్ అంతా బాగుండి బ్రౌజర్‌లోనే రాకపోతే ప్రాక్సీ సెట్టింగ్ చూడాలి. ప్రతి సైటుకూ సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంటే మెషిన్ తేదీ చూడాలి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు సురక్షితమైన సైట్లేవీ తెరుచుకోవు.

చివర్లో చాలామంది మర్చిపోయేది: యూజర్‌తోనే ఒకసారి తెరిపించి పని అయిందని నిర్ధారించుకోవడం, టికెట్‌లో రాయడం. మీ వల్ల కాకపోతే ఎల్2కు (పై మెట్టు సపోర్ట్‌కు) పంపేటప్పుడు ఏమేం చూశారో, ఏం ఫలితం వచ్చిందో రాసి పంపడం. 'ఇంటర్నెట్ లేదు, దయచేసి చూడండి' అని పంపిన టికెట్ అలాగే వెనక్కి వస్తుంది.

ఇదే వరసలో మరో మూడు ప్రశ్నలు ఇంట్లో గట్టిగా పైకి చెప్పి అలవాటు చేసుకోండి. ప్రింట్ ఇస్తే క్యూలోనే ఉండిపోతోంది: ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డర్‌లో ఉండే ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లు చెరిపి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టాలి. అవుట్‌లుక్ తెరుచుకోవట్లేదు: ముందు సేఫ్ మోడ్‌లో తెరవాలి. అందులో తెరుచుకుంటే తప్పు యాడ్‌ఇన్‌లది, లేకపోతే ప్రొఫైల్ చూడాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నీలి తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం) కీ అడుగుతోంది: బయోస్ అప్‌డేట్ తర్వాత, మదర్‌బోర్డు మార్చాక ఇలా అవుతుంది. 48 అంకెల రికవరీ కీ కంపెనీ డైరెక్టరీలో ఉంటుంది. యూజర్ ఎవరో నిర్ధారించుకోకుండా ఆ కీ ఫోన్‌లో చదవకూడదు. ఈ చివరి వాక్యం చెప్పారో, మీకు సగం మార్కులు దానికే.

ఇంట్లో పాత ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్ ఉంది. యాక్టివ్ డైరెక్టరీ ప్రాక్టీస్ చేసుకోవచ్చా? సర్వర్ కొనాలా?
— పాఠకుడు, రాజోలు

ఏమీ కొనక్కర్లేదు, ర్యామ్ తప్ప. యాక్టివ్ డైరెక్టరీ అంటే కంపెనీలో అందరి అకౌంట్లనూ కంప్యూటర్లనూ ఒకచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ. ఒకే కంప్యూటర్ లోపల వేరే కంప్యూటర్లను నడిపించే వర్చువల్‌బాక్స్ ఉచితం. విండోస్ సర్వర్ ట్రయల్ కాపీ 180 రోజులు, విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ 90 రోజులు మైక్రోసాఫ్ట్ సైటులోనే దొరుకుతాయి. సర్వర్‌కు 2 జీబీ, విండోస్ 11కు కనీసం 4 జీబీ ఇవ్వాలి. మీ 8 జీబీలో అసలు మెషిన్‌కు మిగిలేది 2 జీబీ, అది ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ఇంకో 8 జీబీ వేయించండి. కొనేముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో, వేగమెంతో కనిపిస్తుంది. డీడీఆర్3కీ డీడీఆర్4కీ స్లాటు వేరు, షాపులో అడిగి నిర్ధారించుకోండి. హార్డ్‌డిస్క్ పాతరకం అయితే ఎస్‌ఎస్‌డీ వేయించకుండా ఈ పని మొదలుపెట్టకండి.

టాస్క్ మేనేజర్‌లోనే, సీపీయూ పేజీలో వర్చువలైజేషన్ 'ఎనేబుల్డ్' అని ఉండాలి. లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి. వర్చువల్ మెషిన్ కిటికీ కింద తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ సొంత వర్చువల్ మెషిన్ సౌకర్యం హైపర్-వీ అడ్డుపడుతోందని అర్థం. పని జరుగుతుంది, పేరుకు తగ్గట్టే నడుస్తుంది.

సర్వర్‌కు స్థిరమైన ఐపీ ఇవ్వండి, 192.168.10.10 అనుకుందాం. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ సర్వీసెస్ రోల్ వేసి, దాన్ని డొమైన్ కంట్రోలర్‌గా (అందరి లాగిన్‌లనూ సరిచూసే సర్వర్‌గా) మార్చండి. డొమైన్ పేరు ప్రాక్టీసుకే కనుక 'లంక డాట్ లోకల్' అని పెట్టుకున్నా ఇబ్బంది లేదు. క్లయింట్‌కు (విండోస్ 11 మెషిన్‌కు) 192.168.10.20 ఇచ్చి డొమైన్‌లో కలపండి.

సగం మంది ఇక్కడే ఆగిపోతారు. 'డొమైన్ కంట్రోలర్ అందలేదు' అని వస్తుంది. మామూలుగా కారణాలు నాలుగు. రెండు మెషిన్లనూ వర్చువల్‌బాక్స్ మామూలు 'నాట్' మోడ్‌లోనే వదిలేస్తే అవి ఒకదాన్నొకటి చూడలేవు, రెండింటినీ 'ఇంటర్నల్ నెట్‌వర్క్' మీదో 'నాట్ నెట్‌వర్క్' మీదో పెట్టాలి. క్లయింట్ డీఎన్‌ఎస్ స్థానంలో 8.8.8.8 ఉంటే మీ 'లంక' ఎక్కడుందో గూగుల్‌కు తెలియదు, అక్కడ 192.168.10.10 ఉండాలి. రెండు గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ తిరస్కరిస్తుంది. క్లయింట్ విండోస్ హోమ్ ఎడిషన్ అయితే అసలు డొమైన్‌లో కలవదు.

కలిశాక పదిమంది యూజర్లను సృష్టించి, ఒకరి అకౌంట్ కావాలని లాక్ చేసి, తెరిచి చూడండి. ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టినా లాక్ అవ్వట్లేదని కంగారు పడొద్దు. డొమైన్ పాలసీలో లాకౌట్ సంఖ్య మొదట సున్నాగా ఉంటుంది, దాన్ని 5 చేసి పాలసీ అప్‌డేట్ కమాండ్ ఇవ్వండి. ప్రతి దశకూ ముందు స్నాప్‌షాట్ (తప్పు జరిగితే వెనక్కి రావడానికి మెషిన్ అప్పటి స్థితి కాపీ) తీసుకోండి. తర్వాత టికెట్లు నడిపే జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్ ఉచిత ప్లాన్ తీసుకుంటే ముగ్గురు ఏజెంట్ల వరకు డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో చెల్లినో, స్నేహితుణ్నో యూజర్ చేసి, టికెట్ వేయించి, మీరు మూయండి. ఏది ఇన్సిడెంట్, ఏది సర్వీస్ రిక్వెస్ట్ అన్నది దీంతో తెలిసిపోతుంది: ఉన్నది పాడైతే మొదటిది, లేనిది కావాలంటే రెండోది.

మా అబ్బాయి బీటెక్ అయి ఏడాదిన్నర అయింది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే మూడేళ్ల అనుభవం పెట్టి సపోర్ట్ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. ఆయ్, కట్టమంటారా?
— ఒక తండ్రి, రావులపాలెం

కట్టకండి. ఆ మూడేళ్ల అనుభవం ఎలా పట్టుబడుతుందో చెబుతాం. ఉద్యోగంలో చేరాక కంపెనీ వెరిఫికేషన్ ఏజెన్సీకి ఇస్తుంది. వాళ్లు పీఎఫ్ యూఏఎన్ నంబర్ మీద సర్వీస్ హిస్టరీ చూస్తారు. మూడేళ్లు పనిచేశానన్నవాడికి ఒక్క నెల కూడా పీఎఫ్ లేకపోతే అక్కడే ప్రశ్న మొదలవుతుంది. తర్వాత జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పన్ను వివరాలున్న 26ఏఎస్ అడుగుతారు. ఒక్కోసారి చేరిన మూడు నాలుగు నెలలకు ఫలితం వస్తుంది, ఆ రోజే తీసేస్తారు. అలా తీసేసినది మీ అబ్బాయి పేరు మీద ఉండిపోతుంది, లక్షన్నర తీసుకున్నవాళ్ల ఫోన్ మాత్రం మోగదు. పైగా మొదటి రోజునే మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇచ్చే పని ఇస్తారు, దాన్ని ఎవరు చేసిపెడతారు?

పద్ధతిగా నడిచే కన్సల్టెన్సీ ఫీజు కంపెనీ దగ్గర తీసుకుంటుంది, అభ్యర్థి దగ్గర తీసుకోదు. శిక్షణకు ఫీజు కట్టడం వేరే సంగతి. అది కూడా విడతల్లో, రసీదుతో. ల్యాప్‌టాప్ డిపాజిట్, వెరిఫికేషన్ చార్జీ అని ఎవరడిగినా, ఇంటర్వ్యూ అంతా టెలిగ్రామ్ చాట్‌లోనే అయిపోయినా, ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వచ్చినా నమ్మొద్దు. కంపెనీ పేరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో వెతికితే రిజిస్ట్రేషన్ ఉందో లేదో తెలుస్తుంది. ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

బీకాం చదివాను. ట్యాలీ వచ్చు. ఐటీ సపోర్ట్‌కు ఇంజినీరింగే చదవాలా? ఇంగ్లిష్ అంటే భయం.
— పాఠకురాలు, పాలకొల్లు

అక్కర్లేదు. సర్వీస్ డెస్క్‌కు ఏ డిగ్రీ అయినా తీసుకునే కంపెనీలు చాలా ఉన్నాయి, ఇంజినీర్లు వద్దని రాసే ప్రకటనలూ ఉంటాయి. మీకు అడ్డు ఫోన్ మాటే. చాలా చోట్ల వర్సంట్ అనే కంప్యూటర్ పరీక్ష పెడతారు: వాక్యం చదవడం, విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం, తారుమారైన పదాలను వాక్యంగా కూర్చడం, చిన్న కథ విని మళ్లీ చెప్పడం. ఇందులో పెద్ద మాటలు అవసరం లేదు, ఆగకుండా స్పష్టంగా చెప్పడం కావాలి. రోజూ ఇరవై నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. పరీక్ష రోజు మైకు ఉన్న హెడ్‌సెట్ పెట్టుకుని, ఫ్యాన్ శబ్దం, వీధి శబ్దం లేని గదిలో కూర్చోండి. ఆ శబ్దానికే మార్కులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

పనికి కావలసిన ఇంగ్లిష్ యాభై వాక్యాలకు మించదు. హోల్డ్‌లో పెట్టేముందు అడగడం, తెర మీద ఏం కనిపిస్తోందో చదవమనడం, పని అయిందా అని అడగడం. ఇక ఎదుటివాళ్లు విసుక్కున్నా మర్యాద తప్పకుండా మాట్లాడటం గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

షిఫ్టు గురించి ముందే అడగండి. అమెరికా క్లయింట్ అయితే సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. రాత్రి క్యాబ్ ఇస్తారా, ఇంటి గుమ్మం దాకానా, మెయిన్ రోడ్డు దాకానా అన్నది ఆఫర్ తీసుకునేముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

కాంప్‌టియా ఏ ప్లస్ రాయమంటారా?
— పాఠకుడు, నరసాపురం

ఐటీ సపోర్ట్ ప్రాథమికాంశాలకు ఇచ్చే ఈ సర్టిఫికెట్ తొలి ఉద్యోగానికి తప్పనిసరి కాదు. రెండు పరీక్షలు, రెండింటికీ వేర్వేరు ఫీజు, సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. సిలబస్ మాత్రం బాగుంటుంది, దాన్ని వరసగా చదువుకోండి. ఇప్పుడు నడుస్తున్నవి 220-1201, 220-1202. 1101, 1102 అని ఉన్న పాత పుస్తకాలు సగం ధరకు వస్తున్నాయని ఆశపడకండి. నెట్‌వర్కింగ్‌కు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలు, నెట్‌వర్క్‌ను తెర మీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. గూగుల్ ఐటీ సపోర్ట్ కోర్సు కావాలంటే కోర్సెరాలో ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టండి. ఉద్యోగంలో చేరాక కంపెనీ ఖర్చుతో ఏ ప్లస్ రాసినవాళ్లున్నారు.

ఏడాదికి 2 లక్షల 40 వేలు అని ఆఫర్ వచ్చింది. నెలకు ఇరవై వేలు చేతికి వస్తాయనుకోవచ్చా? రెండేళ్ల బాండ్ కూడా ఉంది.
— పాఠకుడు, భీమవరం

రావు. ఆ ఇరవై వేలలో కంపెనీ మీ తరఫున కట్టేవి కూడా కలిపి చూపిస్తారు. బేసిక్ 9,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం 1,080, గ్రాట్యుటీ 4.81 శాతం సుమారు 433, ఈఎస్‌ఐ (బేసిక్ మీద కాదు, గ్రాస్ మీద) 3.25 శాతం సుమారు 582. ఇవి పోగా గ్రాస్ 17,905. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 1,080, ఈఎస్‌ఐ 0.75 శాతం 135, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 16,540. బేసిక్ మారితే ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది, అందుకే జీతం విడగొట్టి చూపే పేజీ అడిగి తీసుకోండి. గ్రాస్ 21,000 లోపు ఉన్నంతకాలం ఈఎస్‌ఐ వైద్యం అమ్మానాన్నలకు కూడా వర్తించే వీలుంది, వాళ్లు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్ల పేర్లు చేర్పించండి. షిఫ్టు అలవెన్స్ పైన చెప్పిన మొత్తంలోనే ఉందా, విడిగానా అన్నది కూడా అడగాల్సిందే.

బాండ్ చెల్లదని ఇంటర్నెట్‌లో చదివి సంతకం పెట్టేవాళ్లు జాగ్రత్త. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అలాగని ఎంతపడితే అంత వసూలు చేసుకోవచ్చనీ కాదు, మొత్తం సమంజసంగా ఉండాలి. మొత్తం ఎంత, గడువు ఎప్పటినుంచి లెక్క, శిక్షణలో ఉండగానే వాళ్లే తీసేస్తే ఏమిటి, ఈ మూడూ బాండ్‌లో వెతకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

హైదరాబాద్ వెళ్లి హాస్టల్‌లో ఉండి వెతకాలా, ఇక్కడే ఉండి ప్రయత్నించాలా?
— పాఠకుడు, మండపేట

పైన రాజోలు పాఠకుడికి చెప్పిన ప్రాక్టీసు పూర్తయ్యేదాకా ఇంట్లోనే ఉండండి. ఆ పని అమీర్‌పేట గదిలో చేసినా అదే, ఖర్చు తేడా. ఈలోగా ఇక్కడ వెతకండి. బ్యాంకు శాఖల్లో కంప్యూటర్లు, పాస్‌బుక్ ప్రింటర్లు చూసే కాంట్రాక్టు సంస్థలకు బండి, లైసెన్సు ఉన్న ఫీల్డ్ ఇంజినీర్లు కావాలి. పెట్రోలు డబ్బు కిలోమీటరుకు ఎంతో ముందే మాట్లాడుకోండి. ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, ఆక్వా ప్లాంట్లు సిస్టమ్స్ మనిషిని పెట్టుకుంటాయి, ప్రకటన ఇవ్వవు. నేరుగా వెళ్లి రెజ్యూమె ఇచ్చి రావాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్లతో ఆమోదం తెలిపింది. ఆ పని తీసుకున్న సంస్థలకు మండలాల్లో తిరిగే మనుషులు అవసరమవుతారు, మీ జిల్లా సహకార బ్యాంకులో అడిగి చూడండి.

డిగ్రీ, డిప్లొమా వాళ్లు కేంద్ర ప్రభుత్వ నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోవాలి. ఏడాది శిక్షణ, స్టైపెండ్, చివర్లో సర్టిఫికెట్. కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వం భరిస్తుంది కనుక చిన్న కంపెనీలు కూడా ఒప్పుకుంటాయి.

వాక్‌ఇన్‌లు వరసగా ఉన్న వారం చూసుకుని అప్పుడు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. రైలు దిగిన పొద్దుటే ఇంటర్వ్యూ పెట్టుకోకండి, రైలు ఆలస్యమైతే అదీ పోతుంది.

నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాకు వెళ్తున్నాను. ఏమేం పట్టుకెళ్లాలి?
— పాఠకురాలు, తణుకు

రెజ్యూమె పది కాపీలు, మార్కుల జాబితాల జిరాక్సులు రెండు సెట్లు, ఆధార్, పాన్, ఫొటోలు. ఒరిజినల్స్ చూపించడానికే, ఎవరికీ ఇవ్వడానికి కాదు. పాన్ లేకపోతే ఈలోపే తీసుకోండి, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే వెరిఫికేషన్ అక్కడే ఆగుతుంది, ఆధార్ దిద్దించడానికి రోజులు పడతాయి. మేళాలో పెద్ద కంపెనీ బల్ల దగ్గర వరస పొడవుగా ఉంటే ముందు డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్ అని బోర్డు ఉన్న చిన్న బల్లలు చుట్టేసి రండి. వాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళకే సర్దుకుని వెళ్లిపోతారు.